పాత పీఎల్‌సీలో కమ్యూనికేషన్ కార్డు మార్చే ముందు

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, తాడిపత్రి చుట్టుపక్కల నేల కింద పరుచుకున్న సున్నపురాయి వల్ల మన ప్రాంతంలో సిమెంటు కర్మాగారాలు వరుసగా వెలిశాయి. వాటిలో పాతవాటి ప్యానెల్ గదుల్లోకి వెళ్తే, కంట్రోల్ రూములో తెరలు ఎంత కొత్తవైనా, ముడిసరుకును కాల్చే తిరిగే కొలిమి అయిన కిల్న్‌నూ, కాలిన సరుకును చల్లార్చే కూలర్‌నూ, బొగ్గును పొడి చేసే కోల్ మిల్లునూ వెనుక నుంచి నడిపేది ఇంకా గత శతాబ్దపు పీఎల్‌సీయే, అంటే యంత్రాలను ప్రోగ్రాము ప్రకారం నడిపే పారిశ్రామిక కంప్యూటరే, అయి ఉండవచ్చు. ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో నా ఉద్యోగ జీవితం ఎక్కువగా ఇటువంటి యంత్రాల మధ్యనే గడిచింది. బయట ఎండ నలభై డిగ్రీలు దాటిన రోజున, ఏసీ పాడైన గదిలో, సున్నపు దుమ్ము మధ్య కూడా ఇవి పనిచేయడం నేను చూశాను. అందువల్ల వీటిని పాతవని తీసిపారేసే మాట నాకు నచ్చదు.

అయితే ఈ వ్యవస్థల్లో కాలం చెల్లేది అన్ని భాగాలకూ ఒకేసారి కాదు. ప్లాంటులోని పరికరాల నుంచి సంకేతాలు తీసుకునే ఇన్‌పుట్ కార్డులు, వాటికి ఆదేశాలిచ్చే అవుట్‌పుట్ కార్డులు ఇరవై నాలుగు వోల్టులతోనూ నాలుగు నుంచి ఇరవై మిల్లీఆంపియర్లతోనూ మాట్లాడుతాయి. ఆ భాష ఇప్పటికీ మారలేదు. ప్రాసెసర్ తన పని తాను చేసుకుపోతుంది. మొదట ఒంటరిదయ్యేది కమ్యూనికేషన్ కార్డు, ఎందుకంటే అది అవతలివారితో మాట్లాడాలి, అవతలివారు మాత్రం మారిపోతూ ఉంటారు. అలెన్-బ్రాడ్లీ పీఎల్‌సీ-5 శ్రేణి 1986లో వచ్చింది, 2017లో దాని తయారీ నిలిచిపోయింది. దానితోపాటే డేటా హైవే ప్లస్, రిమోట్ ఐఓ (దూరంగా ఉన్న ఇన్‌పుట్, అవుట్‌పుట్ కార్డుల ర్యాకులను ప్రాసెసర్‌కు కలిపేది) అనే దాని సొంత నెట్‌వర్కులు కూడా దిక్కులేనివయ్యాయి. మన దగ్గర విస్తారంగా ఉన్న సీమెన్స్ ఎస్7-300 కూడా 2023లో ఉపసంహరణ దశలోకి వెళ్లింది. వీటన్నిటికంటే ముందు, 1979లో పుట్టిన మోడ్‌బస్ అనే నెట్‌వర్కు భాష ఒక్కటి మాత్రం, అందరికీ తెరిచి ఉన్న పద్ధతి కావడం వల్ల, ఇప్పటికీ కొత్త పరికరాల్లో వస్తూనే ఉంది.

స్పేరు దొరకనప్పుడు యాజమాన్యం అడిగేది ఒకటే: దీని బదులు ఏ కార్డు పెట్టాలి? సరఫరాదారు ఒక గేట్‌వే (రెండు నెట్‌వర్కుల మధ్య దుబాసీ లాంటి పరికరం) పేరు చెబుతాడు. పాత నెట్‌వర్కు ఒక వైపు, ఈథర్‌నెట్ మరో వైపు, మధ్యలో చిట్టా ప్రకారం రిజిస్టర్ల, అంటే విలువలు ఉండే గడుల, మార్పిడి. కాగితం మీద పని చాలా చిన్నది. కానీ మా దగ్గర అటువంటి ఒక సమావేశంలో, ఆ చిట్టాను అంతసేపూ మౌనంగా చూసిన మా సీనియర్ టెక్నీషియన్ అడిగిన ప్రశ్న ఆ తరువాత నేను చేసిన ప్రతి మార్పిడికీ పునాది అయింది. "కార్డు పెడితే కమ్యూనికేషన్ వస్తాది సార్, సరే. పోతే ఏం జేస్తాది, అది జెప్పండి."

కమ్యూనికేషన్ కార్డు చేసే పనుల్లో సమాచారాన్ని మోయడం తేలికైన సగం. ఆ సమాచారం ఆగిపోయిన క్షణంలో ఫీల్డులోని ప్రతి అవుట్‌పుట్ ఏ స్థితికి వెళ్లాలో నిర్ణయించడం రెండవ సగం. మొదటి సగం డ్రాయింగులో ఉంటుంది, రెండవ సగం చాలాచోట్ల ఎక్కడా రాసి ఉండదు. పాత కార్డును తీసేసినప్పుడు మనం పోగొట్టుకునేది ఆ రాయని సగాన్నే.

కిల్న్ విషయమే తీసుకుందాం. లోపల పదార్థం సుమారు 1450 డిగ్రీల దగ్గర ఉండగా కిల్న్ తిరగడం ఆగితే, దాని ఉక్కు చిప్ప ఒక వైపే వేడెక్కి, తన బరువుకు తానే వంగడం మొదలుపెడుతుంది. అందుకే మెయిన్ డ్రైవు ఆగిన వెంటనే ఆగ్జిలరీ డ్రైవుతో దానిని మెల్లగా తిప్పుతూ ఉండాలి. ఆ సమయంలో వాన పడితే పరిస్థితి మరింత తొందరగా చేయి దాటుతుంది. కాబట్టి కిల్న్ డ్రైవుకు ఆదేశం ఇచ్చే ర్యాకుకు కమ్యూనికేషన్ అర సెకను పోయి వచ్చినంత మాత్రాన డ్రైవు ఆగిపోకూడదు. చివరి ఆదేశాన్నే పట్టుకుని ఉండాలి. అదే కోల్ ఫీడరు దగ్గరికి వస్తే న్యాయం తలకిందులవుతుంది. కిల్న్ నుంచి వాయువులను లాగే ఐడీ ఫ్యాను ఆగిపోయిందని కోల్ ఫీడరు ర్యాకుకు తెలియక, అది చివరి ఆదేశం ప్రకారం బొగ్గును పంపుతూనే ఉంటే, గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. అది ఈఎస్‌పీ (అధిక వోల్టేజితో దుమ్మును పట్టే యంత్రం) దాకా చేరితే పేలుడు ప్రమాదం. కనుక అక్కడ కమ్యూనికేషన్ పోతే అవుట్‌పుట్ వెంటనే సున్నాకు రావాలి. ఒకే ప్యానెల్ గదిలో, పక్కపక్కనే ఉన్న రెండు ర్యాకులకు కావలసినవి రెండు వ్యతిరేక ప్రవర్తనలు.

పాత రిమోట్ ఐఓ ర్యాకులో ఈ నిర్ణయం ఎక్కడుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ప్రోగ్రాములో ఎంత వెతికినా కనబడదు. ఐఓ చాసిస్ (కార్డులు అమర్చే చట్రం) వెనుక పలక మీద ఎనిమిది చిన్న స్విచ్చుల వరుస ఉంటుంది. అందులో మొదటిది ఆన్‌లో ఉంటే కమ్యూనికేషన్ పోయినప్పుడు ఆ చాసిస్‌లోని అవుట్‌పుట్లు చివరి స్థితిలోనే నిలిచిపోతాయి, ఆఫ్‌లో ఉంటే పడిపోతాయి. ఆ స్విచ్చును బాల్‌పాయింట్ పెన్ను మొనతో నొక్కాలనీ, పెన్సిల్ వాడితే ముక్కు విరిగి లోపల షార్టు కావచ్చనీ తయారీదారు మాన్యువల్‌లోనే హెచ్చరిక ఉంది. అనలాగ్ అవుట్‌పుట్ కార్డుల్లో ఇదే పనికి విడిగా జంపర్లు (రెండు పిన్నులను కలిపే చిన్న తొడుగులు) ఉంటాయి. ప్లాంటు ప్రారంభించిన రోజున ఒక ఇంజనీరు పెన్ను మొనతో తీసుకున్న నిర్ణయం, ఆ మనిషి రిటైరై వెళ్లిపోయిన తరువాత కూడా, దశాబ్దాల తరబడి కిల్న్‌ను కాపాడుతూ వచ్చింది. ప్రోగ్రాము బ్యాకప్ ఎంత శ్రద్ధగా తీసుకున్నా అందులోకి ఆ స్విచ్చు రాదు. ప్రొఫిబస్ అనే మరో నెట్‌వర్కు వాడే వ్యవస్థలలో ఇదే నిర్ణయం మరోచోట, స్లేవ్ (ఆదేశాలు అందుకునే పరికరం) పారామీటర్లలోని వాచ్‌డాగ్ సమయంలోనూ (సందేశం కోసం ఎంతసేపు ఎదురుచూడాలన్నది), ఆ సమయం దాటితే అవుట్‌పుట్‌ను సున్నా చేయాలా పట్టి ఉంచాలా అన్న ఎంపికలోనూ ఉంటుంది. అది కనీసం ఫైలులో దొరుకుతుంది.

అందువల్ల మేము ఏర్పరచుకున్న నియమం ఇది. కొత్త కార్డుకు ఆర్డరు పెట్టే ముందే, కిల్న్ ఇటుక పని కోసం ఆగిన షట్‌డౌన్‌లో, మోటారు బ్రేకర్లన్నీ టెస్టు పొజిషన్‌లో (మోటారుకు కరెంటు వెళ్లని స్థితిలో) పెట్టి, పాత ర్యాకు నుంచి కమ్యూనికేషన్ కేబులును మేమే ఊడదీస్తాం. ఒకరు ప్యానెల్ ముందు, ఒకరు మోటార్ల స్విచ్చు బోర్డులుండే ఎంసీసీలో, ఒకరు కంట్రోల్ రూములో ఉంటారు. ప్రతి అవుట్‌పుట్ దీపం ఆరిందా నిలిచిందా, ఎంతసేపటికి ఆరింది, కంట్రోల్ రూము తెర మీద ఏమి కనిపించింది, అలారం వచ్చిందా, ఇవన్నీ రాసుకుంటాం. కేబులు తిరిగి పెట్టినప్పుడు ఏది తనంతట తాను స్టార్టు ఆదేశం అందుకుంటుందో కూడా చూస్తాం, ఎందుకంటే కమ్యూనికేషన్ పోవడం ఎంత ప్రమాదమో, అది చెప్పకుండా తిరిగి రావడమూ అంతే ప్రమాదం. కొత్త గేట్‌వే పెట్టిన తరువాత ఇదే పరీక్షను అదే క్రమంలో మళ్లీ చేస్తాం. రెండు పట్టికలు పక్కపక్కన పెట్టినప్పుడు తేడా ఉన్న ప్రతి వరుసకూ ఒక కారణం చెప్పగలగాలి. కారణం చెప్పలేని వరుస ఉంటే ఆ ర్యాకును ఉత్పత్తికి అప్పగించరాదని నా దృఢమైన అభిప్రాయం, ప్రొడక్షన్ వారు ఎంత తొందరపెట్టినా సరే.

గేట్‌వే వచ్చాక కొత్తగా పుట్టే ప్రమాదం ఒకటుంది. పాత పద్ధతిలో ప్రాసెసర్, ర్యాకు నేరుగా మాట్లాడుకునేవి. ఒకటి పోతే రెండవదానికి వెంటనే తెలిసేది. గేట్‌వే వచ్చాక ఒక సంభాషణ రెండుగా విడిపోతుంది. ఫీల్డు వైపు కేబులు తెగిపోయినా, ఈథర్‌నెట్ వైపు గేట్‌వే చక్కగా బతికే ఉంటుంది. తన జ్ఞాపకంలో ఉన్న చివరి విలువలను అడిగినవారికల్లా అందిస్తూనే ఉంటుంది. తెర మీద బర్నింగ్ జోన్ ఉష్ణోగ్రత స్థిరంగా, ఆరోగ్యంగా కనిపిస్తుంది. కమ్యూనికేషన్ దీపం పచ్చగానే ఉంటుంది. ఆపరేటరు ఆ అంకెను నమ్మి బొగ్గు సర్దుతాడు. కంట్రోల్ రూములో కూర్చున్న మనిషికి మనం చేయగలిగిన అన్యాయాల్లో ఇంతకంటే పెద్దది నాకు తోచదు, ఎందుకంటే అంకె లేదని తెలిస్తే ఆ మనిషి బయటికి వెళ్లి చూసి వస్తాడు, అబద్ధపు అంకె ఉంటే కుర్చీలోంచి కదలడు.

దీనికి మందు గేట్‌వే ఇచ్చే స్టేటస్ బిట్ కాదు. ఆ బిట్ కొన్ని గేట్‌వేలలో ఫీల్డు వైపు ఆరోగ్యాన్ని చెబుతుంది, కొన్నిటిలో తన సొంత ఆరోగ్యాన్ని మాత్రమే చెబుతుంది. నమ్మదగినది హార్ట్‌బీట్ ఒక్కటే. అవతలి చివర ఉన్న పరికరంలోనే ఒక కౌంటరును ప్రతి సెకనూ ఒకటి చొప్పున పెంచాలి, ఇవతలి చివర ఉన్న ప్రాసెసర్ అది మారుతున్నదో లేదో చూడాలి. మూడు, నాలుగు సెకన్ల పాటు మారకపోతే ఆ పరికరం నుంచి వచ్చే విలువలన్నిటినీ చెడ్డవిగా గుర్తించి, తెర మీద రంగు మార్చి, అవసరమైన ఇంటర్‌లాకులను (ఒకటి ఆగితే మరొకదాన్ని ఆపే రక్షణ ఏర్పాట్లను) సురక్షిత స్థితికి తేవాలి. ఇదే కౌంటరు వెనక్కి, అంటే ప్రాసెసర్ నుంచి ఫీల్డు వైపు కూడా వెళ్లాలి, లేకపోతే డ్రైవుకు తన యజమాని పోయాడని తెలియదు. అవతలి చివర ప్రోగ్రాము రాసే వీలులేని మామూలు ర్యాకు ఉంటే, ఒక అవుట్‌పుట్‌ను ఒక ఇన్‌పుట్‌కు తీగతో కలిపి, ప్రాసెసర్ నుంచి దానిని ఆన్, ఆఫ్ చేస్తూ తిరిగి వచ్చేదాన్ని గమనించవచ్చు. రెండు పాయింట్లు ఖర్చవుతాయి. అంతకు మించి ఖర్చు లేదు.

కాలం సంగతి కూడా లెక్కవేసి చూడాలి, ఊహించుకోకూడదు. సీరియల్ తీగ మీద నడిచే మోడ్‌బస్ ఆర్‌టీయూలో 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్లు) వేగంతో, తప్పులు పట్టే పారిటీ బిట్‌తో కలిపి ఒక్కో అక్షరానికి 11 బిట్లు పడతాయి కనుక ఒక అక్షరానికి సుమారు 1.15 మిల్లీసెకన్లు. పది రిజిస్టర్లు చదవాలంటే అడగడానికి 8 అక్షరాలు, జవాబుకు 25 అక్షరాలు, మొత్తం 33, అంటే దాదాపు 38 మిల్లీసెకన్లు. ప్రతి సందేశం తరువాత మూడున్నర అక్షరాల నిశ్శబ్దం తప్పనిసరి. పరికరం ఆలోచించుకునే సమయం కూడా కలిపితే ఒక్కో పరికరానికి సుమారు 50 మిల్లీసెకన్లు వేసుకోవాలి. ఇరవై పరికరాలుంటే ఒక చుట్టుకు సెకను పడుతుంది. ఇది అన్నీ బాగున్నప్పటి లెక్క. ఒక్క పరికరం చచ్చిపోయి, దాని జవాబు కోసం ఒక్కోసారి సెకను చొప్పున మూడుసార్లు ఎదురుచూసేటట్టు గేట్‌వే సెట్ చేసి ఉంటే, చుట్టుకు మూడు సెకన్లు అదనంగా చేరి మిగిలిన పందొమ్మిది పరికరాల సమాచారం పాతబడుతుంది. పవర్ మీటరుకు అది పరవాలేదు. ఫ్యాను ఇంటర్‌లాకుకు పనికిరాదు. అటువంటి ఇంటర్‌లాకులను కమ్యూనికేషన్ మీద ఆధారపడనివ్వకుండా, రిలే ద్వారా విడిగా తీగ లాగించడమే మంచిదని నేను ఎప్పుడూ వాదిస్తాను. కేబులు ట్రేలో ఇంకో తీగకు చోటు లేదని ఎవరైనా అంటే ఆ ట్రేను వెళ్లి చూసి రమ్మంటాను.

విలువల అర్థం తప్పిపోవడం మరొక చిక్కు. 32 బిట్ల దశాంశ సంఖ్య రెండు రిజిస్టర్లలో వస్తుంది. ఏ సగం ముందు, ఏ సగం వెనుక అన్నది తయారీదారును బట్టి మారుతుంది. సగాలు తారుమారైతే 1450.0 అన్న విలువ 2.004గా కనిపిస్తుంది. ఇది వెంటనే పట్టుబడే తప్పే. కానీ షట్‌డౌన్‌లో చాలా అంకెలు సున్నా దగ్గర ఉంటాయి, సున్నాను ఎలా తిప్పినా సున్నాయే. చల్లని కిల్న్ మీద పరీక్ష చేసి అంతా సరిపోయిందని సంతకం పెట్టడం వల్ల ఈ తప్పు వేడెక్కిన తరువాతే బయటపడుతుంది. అందుకని ట్రాన్స్‌మిటరు (కొలతను కరెంటుగా మార్చి పంపే పరికరం) దగ్గర కాలిబ్రేటరు (కావలసిన విలువను కచ్చితంగా పంపే పరికరం) పెట్టి, సున్నా కాని, పూర్తి స్కేలూ కాని ఒక వింత విలువను, ఉదాహరణకు 13.7 మిల్లీఆంపియర్లను పంపి, కంట్రోల్ రూములో దానికి సరిపడే అంకె వచ్చిందని చూడాలి. మాన్యువల్‌లో 40001 అని రాసిన రిజిస్టరును తీగ మీద సున్నా సంఖ్యతో అడగడం వల్ల వచ్చే ఒక స్థానం తేడా కూడా ఈ పరీక్షలోనే తేలిపోతుంది. పక్కపక్క రిజిస్టర్లలో ఒకే రకమైన ఉష్ణోగ్రతలు ఉన్నప్పుడు, ఉదాహరణకు ముడిసరుకును సైక్లోన్ల వరుసలో ముందుగా వేడిచేసే ప్రీహీటర్‌లో, ఈ ఒక స్థానం తేడా నెలల తరబడి ఎవరికీ కనబడకుండా దాక్కోగలదు. ఒకటవ సైక్లోన్ అంకెను రెండవ సైక్లోన్ అనుకుని నడిపినా ప్లాంటు నడుస్తుంది, కాకపోతే తప్పుగా నడుస్తుంది.

బ్యాకప్ గురించి రెండు మాటలు. పీఎల్‌సీ-5 నుంచి ప్రోగ్రామును కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటే లాడరు (నిచ్చెన ఆకారంలో గీసే ప్రోగ్రాము), అడ్రసులు మాత్రమే వస్తాయి. ఏ అడ్రసు ఏ మోటారుదో చెప్పే వ్యాఖ్యలు ఎప్పుడో ఎవరిదో ఒక కంప్యూటర్‌లో ఉండిపోయిన ఫైలులో ఉంటాయి. ఆ ఫైలును వెతకడం మొదటి పని. దానిని తెరవగల పాత విండోస్ లాప్‌టాప్‌ను, దానికి సరిపడే కార్డుతో, కేబుల్‌తో సహా ఇనుప బీరువాలో భద్రపరచాలి. ఇంకొకటి: జ్ఞాపకం బ్యాటరీ మీద బతుకుతున్న ప్రాసెసర్ అయితే, ప్యానెల్‌కు కరెంటు తీసే ముందు ఆ బ్యాటరీని, కరెంటు ఉండగానే, మార్చాలి. ఏళ్ల తరబడి ఆగకుండా నడిచిన ప్యానెల్‌లో బ్యాటరీ ఎప్పుడు చచ్చిందో ఎవరికీ తెలియదు, కరెంటు తీసినప్పుడే తెలుస్తుంది.

ఆన్‌లైన్‌లో పాత కార్డులు కొనడాన్ని నేను తప్పుపట్టను. ఒకటి రెండు స్పేర్లు అలా కొని ఉంచుకుంటే మార్పిడిని ప్రశాంతంగా ప్రణాళిక వేసుకోవడానికి సమయం దొరుకుతుంది. అయితే కార్డు మోడల్ సంఖ్యతోపాటు చివరనున్న సిరీస్ అక్షరం కూడా సరిపోవాలి. వచ్చిన కార్డును బీరువాలో పెట్టేయకుండా టెస్టు ర్యాకులో కొద్ది రోజులు నడపాలి, ఎందుకంటే వాడకుండా ఉంచినా ఎలెక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ముసలివవుతాయి.

రిమోట్ ఐఓకు వాడిన పాత నీలం రంగు కేబులును కొత్త నెట్‌వర్కుకు వాడుకుందామనే ఆలోచన ప్రతిసారీ వస్తుంది. రిమోట్ ఐఓకు 57.6 కిలోబాడ్ దగ్గర రెండు చివరలా 150 ఓమ్‌ల టెర్మినేటరు (సంకేతం వెనక్కి ప్రతిధ్వనించకుండా ఆపే నిరోధకం), 230.4 దగ్గర 82 ఓమ్‌లు. మోడ్‌బస్ నడిచే ఆర్‌ఎస్-485కు మామూలుగా 120. పాత టెర్మినేటరు ఎక్కడో ప్యానెల్ అడుగున దాగి ఉండగానే కొత్తది పెట్టడం సాధారణంగా జరిగే విషయం. లైను మీద కరెంటు లేనప్పుడు, పరికరాలను విడదీసి, రెండు తీగల మధ్య ఓమ్‌మీటరు పెడితే రెండు 120లకు 60కి దగ్గరగా రావాలి. 40 వస్తే మూడవది ఎక్కడో ఉన్నట్టు. వెతకాలి.

చివరగా భద్రత. పాత సీరియల్ తీగకు రెండు చివరలూ మన గదుల్లోనే ఉండేవి. దానిని ముట్టుకోవాలంటే మనిషి గేటు దాటి లోపలికి రావాలి. అదే సమాచారం ఈథర్‌నెట్ మీదికి వచ్చాక, ఆ నెట్‌వర్కుకు చేరగలిగిన ఏ కంప్యూటరైనా డ్రైవుకు ఆదేశం రాయగలదు, ఎందుకంటే మోడ్‌బస్‌లో పాస్‌వర్డు అన్నదే లేదు. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్ విద్యుత్ సంస్థల మీద జరిగిన దాడిలో సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. ఆ దాడి చేసినవారు బ్రేకర్లను తెరవడంతో ఆగలేదు. సబ్‌స్టేషన్లలోని సీరియల్-ఈథర్‌నెట్ కన్వర్టర్ల ఫర్మ్‌వేర్‌ను (పరికరం లోపలి ప్రోగ్రామును) కూడా చెడగొట్టారు. దానితో కంట్రోల్ కేంద్రం నుంచి తిరిగి ఆదేశాలు ఇవ్వడం సాధ్యం కాక, సిబ్బంది స్వయంగా సబ్‌స్టేషన్లకు వెళ్లి చేతితో బ్రేకర్లు వేయవలసి వచ్చింది. మనం పాత కార్డు స్థానంలో పెడుతున్నది సరిగ్గా ఆ జాతి పరికరమే. అందుచేత గేట్‌వేలకు విడిగా ఒక నెట్‌వర్కు, దానికీ ఆఫీసు నెట్‌వర్కుకూ మధ్య ఫైర్‌వాల్, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డు మార్పు, రిపోర్టుల కోసం మాత్రమే చదివేవారికి రాసే హక్కు లేకుండా చేయడం, ప్రతి గేట్‌వే సెట్టింగుల ఫైలు, ఫర్మ్‌వేర్ ప్రతి బీరువాలో ఉంచడం, వీటిని మార్పిడి ఖర్చులో భాగంగానే అంచనాలో చూపించాలి. తరువాత చూద్దామని వదిలేసినవాటికి డబ్బు రాదు.

విండోస్ వైపు నుంచి వచ్చే దెబ్బ కూడా ఇదే అంచనాలో ఉండాలి. 2023 మార్చి 14న మైక్రోసాఫ్ట్ డీకామ్ (వేరువేరు కంప్యూటర్లలోని ప్రోగ్రాములు మాట్లాడుకునే విండోస్ ఏర్పాటు) భద్రతా మార్పును తప్పనిసరి చేసినప్పుడు, దాని మీదే ఆధారపడిన పాత ఓపీసీ పద్ధతిలో (పీఎల్‌సీ సమాచారాన్ని కంప్యూటర్ ప్రోగ్రాములకు అందించేది) వేరువేరు కంప్యూటర్ల మధ్య నడిచే అనుసంధానాలు, రెండు వైపులా తగిన సెట్టింగు లేనిచోట, తెగిపోయాయి. కొత్త గేట్‌వే కొంటున్నప్పుడే డీకామ్ అవసరం లేని కొత్త పద్ధతి ఓపీసీ యూఏ ఉన్నదాన్ని తీసుకుంటే ఈ బెడద తప్పుతుంది.

మా దగ్గర తరువాతి షట్‌డౌన్‌లో కూలర్ ర్యాకు మార్పిడి జరగాలి. గేట్‌వే ఇంకా ఆర్డరు పెట్టలేదు. చాసిస్ స్విచ్చుల, అనలాగ్ కార్డుల జంపర్ల ఫొటోలు తీసి, ప్రతిదాని పక్కన అది ఏ మోటారుకు, ఏ డాంపరుకు సంబంధించినదో రాయడం నడుస్తోంది. కూలర్ ఫ్యాన్లలో ఏవి కమ్యూనికేషన్ పోయినా తిరుగుతూనే ఉండాలో ప్రొడక్షన్ విభాగం సంతకం చేసి ఇవ్వాలని అడిగాం. ఆ కాగితం వచ్చాక కేబులు ఊడదీసి చూసే పరీక్షకు తేదీ నిర్ణయిస్తాం.